మాఘ పున్నమి నాడు నేను చెప్పని మాట

మా అత్త ఆఖరి మాత్ర మింగి ఇరవై రోజులైంది. నా మందులు అంతకు రెండు నెలల ముందే అయిపోయాయి. మాత్రలు పెట్టుకున్న ప్లాస్టిక్ డబ్బాలో ఇప్పుడు హుక్కులు, బొత్తాలు పోసుకున్నాను. ఆసుపత్రి కాగితాలు కవర్లో చుట్టి బీరువా మీదికి ఎక్కించాను. ఇక రాయొచ్చనిపించింది. జబ్బు గురించి పెద్దగా రాసేదేమీ లేదు. టీబీ వచ్చింది, మందులు వాడాం, తగ్గింది. నేను రాయాలనుకున్నది ఆ జబ్బు బయటపడకముందు నేను చేసిన ఒక పని గురించి. నాలాగా రోజూ కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు ఆ పని చేయకుండా ఉంటే చాలు.

నేను బట్టలు కుడతాను. జువ్వలదిన్నె హార్బరుకు నాలుగైదు కిలోమీటర్ల ఇవతల మా ఊరు. మా ఆయన దాసు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఇంట్లో ముగ్గురమే: నేను, ఆయన, మా అత్త మరియమ్మ. పిల్లలు లేరు. మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి తర్వాత నాకు నిద్ర పట్టడం మానేసింది. ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెప్పి పోయేవాళ్ళు. మా అత్త మాత్రం ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. తన మంచం తెచ్చి నా మంచం పక్కన వేసుకుంది, అంతే. మధ్యలో కొన్ని నెలలు తప్ప ఆ రెండు మంచాలూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె నన్నొక ఆదివారం మాస్టారి వరండాకు తీసుకెళ్ళింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పది పన్నెండు మంది చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆయన నన్నేమీ అడగలేదు. "కూర్చోమ్మా. ఊపిరి వస్తాది, పోతాది. చూస్తా ఉండు" అన్నారు. చూశాను. ఆ వారంలో రెండు రోజులు నిద్రపోయాను. అప్పటినుంచి, పదకొండేళ్ళుగా, నేను బౌద్ధురాలిని.

మా ఇంట్లో ఇదేమంత గొడవ కాలేదు. దాసూ అత్తా చర్చికి పోతారు. గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు, ఎదురుగా నా మిషన్ మీద చిన్న బుద్ధుడి పటం. పొద్దున్నే దాని ముందు త్రిశరణాలు, పంచశీల చెప్పుకుని అరగంట కూర్చుంటాను. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పుగా నడుచుకోను, అబద్ధమాడను, మత్తు ముట్టను. చెప్పుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఇవ్వనిది తీసుకోనన్నందుకు, జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ జానెడున్నా చుట్టి తిరిగిచ్చేస్తాను. ప్రాణం తీయనన్నందుకు పీతలు బాగుచేసే పని అత్త మీద పడింది. "దోమను కొట్టదు. నా పీతల పులుసు మాత్రం గిన్నె నాకతాది" అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిజమే కాబట్టి నేను నవ్వి ఊరుకునేదాన్ని.

పున్నమి రోజు ఉపోసథం, అంటే మా ఉపవాస దినం. తెల్లచీర కట్టుకుంటాను. మధ్యాహ్నం పన్నెండు దాటితే అన్నం తినను. మా బృందంలో దీనికి ఇంకొకటి కలుపుకున్నాం. ఆ రోజు పొద్దున్నుంచి మర్నాడు తెల్లవారేదాకా మౌనం. నేను ఈ మౌనంలో అందరికంటే గట్టిదాన్నని పేరు. దురద పుడితే గోకను, కాలు తిమ్మిరెక్కితే కదపను. చూస్తూ ఉంటే పోతుంది. మాస్టారు నలుగురిలో ఒకసారి నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు నాకు చాలా నచ్చింది. దాన్ని కూడా చూస్తూ వదిలేయాల్సింది, వదల్లేదు.

మార్గశిరం నుంచి మాఘం దాకా

డిసెంబరులో దగ్గు మొదలైంది. సముద్రపు గాలి చల్లగా కొట్టే రోజులు, ఊళ్ళో సగం మంది దగ్గుతుంటారు. నేనూ పట్టించుకోలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు గొంతులో గరగర మొదలయ్యేది. దాన్ని చూస్తూ కూర్చుంటే కాసేపటికి అణిగేది. ఇదేదో సాధన బాగా కుదురుతోందనుకున్నాను. జనవరి వచ్చేసరికి సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. అదీ చూశాను. అదీ పొద్దుటికి పోయేది. వచ్చిందల్లా పోతుందన్న మాట నిజమని నాకు రోజూ రుజువు దొరుకుతూనే ఉంది.

ఇంకొకటి ఉంది. ఆ రెండు నెలల్లో నా జాకెట్లు వదులై రెండుసార్లు పక్క కుట్లు లోపలికి వేసుకున్నాను. రోజంతా టేపు పట్టుకుని ఊళ్ళోవాళ్ళ కొలతలు తీసేదాన్ని, నా కొలత ఎందుకు తగ్గిందని ఒక్కసారి అనుకోలేదు. మిషన్ మీద కూర్చుని కుట్టు వేసుకున్నాను, తొడుక్కున్నాను.

మాఘ పున్నమి రోజు పదకొండు గంటలకు అన్నం తిని, పెరట్లో చెయ్యి కడుక్కుంటుంటే దగ్గు తెర వచ్చింది. భుజం మీది తెల్ల తుండు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే రూపాయి బిళ్ళంత రక్తం. కొంచెం సేపు దాన్నలాగే చూశాను. నాకు భయం వేసిందని రాయాలి, కానీ అప్పుడు వేయలేదు. ఎవరో ఇంకొకరి తుండు చూస్తున్నట్టుంది. బకెట్లో నీళ్ళు ముంచుకుని సబ్బు పెట్టి ఉతకడం మొదలుపెట్టాను.

అత్త వంటింటి గడప దగ్గరికి వచ్చింది. "ఏందమ్మే, ఆ తుండొక్కటే ఉతుకుతుండావు?"

నేను మౌనంలో ఉన్నాను. ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాను.

ఆమె లోపలికి పోయింది. నేను తుండు తీగ మీద ఆరేసి వచ్చి కూర్చున్నాను. అప్పుడు నా మనసులో నడిచింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నోరు తెరవలేదు కాబట్టి అబద్ధమాడలేదు, నాలుగో శీలం చెడలేదు అనుకున్నాను. మర్నాడు నోరు తెరవొచ్చు కదా, తెరిచాను కూడా. పాలవాడితో మాట్లాడాను, దాసుతో మాట్లాడాను. తుండు గురించి చెప్పలేదు. నిన్నటి సంగతి ఈరోజు చెబితే, ఓర్చుకున్నానని గొప్ప చెప్పుకున్నట్టుంటుందనిపించింది. అత్త మంచం నా మంచానికి మూరెడు దూరంలో ఉంది.

ఫాల్గుణం

ఫాల్గుణ పున్నమి దాటిన నాలుగో రోజు మిషన్ మీదే పడిపోయాను. లేచేసరికి దాసు నా మొహాన నీళ్ళు చల్లుతున్నాడు. "నువ్వు తూకానికి లేవు రత్నా" అన్నాడు. నన్ను ఎత్తినప్పుడు తెలిసిందట ఆయనకు. ఫ్యాక్టరీ ట్రాలీ ఆటో అడిగి తెచ్చి నన్నూ అత్తనూ టౌనులో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు.

టీబీ గది ఆసుపత్రి వెనకవైపు విడిగా ఉంటుంది. బయట రేకుల పందిరి, రెండు బల్లలు. కూర్చున్నవాళ్ళందరికీ మాస్కులు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పొద్దున కళ్ళె పట్టుకొచ్చిన చిన్న డబ్బాలు చీరకొంగుల్లో, జేబుల్లో దాచుకుని కూర్చుంటారు. హార్బరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు బల్ల మీద చోటిచ్చి తను గోడకానుకుని నిలబడ్డాడు. "కూర్చోమ్మా, నాకు నాలుగో నెల. నువ్వు మొదలు గదా" అన్నాడు. మొదలని ఎలా తెలిసిందంటే, "డబ్బా దాచుకుంటుండావు గదా" అన్నాడు. ఆయన డబ్బా చేతిలోనే ఉంది.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. నర్సమ్మ పుస్తకం తెరిచి అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి దగ్గు?"

"రెండు నెలలు" అన్నాను. అనగానే నాలుగో శీలం గుర్తొచ్చి, "కాదక్కా, మూడు దాటింది" అని దిద్దుకున్నాను.

"రక్తం పడిందా?"

"ఒకసారి."

"ఎప్పుడు?"

"మాఘ పున్నమికి."

పక్కన అత్త కూర్చుని ఉంది. నర్సమ్మ రాసుకుంటున్నంతసేపూ ఆమె నా మొహం చూస్తూనే ఉంది. "ఆ పొద్దు ఉతికింది అదేనా?" అని మెల్లగా అడిగింది. నేను తల ఊపాను. ఆ రోజు ఆమె ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మా ఇంట్లో మౌనం పట్టడం నా వంతు. ఆమె పట్టడం అదే మొదటిసారి.

నర్సమ్మ ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. దాసు ఆ వారమే చేయించుకున్నాడు, ఏమీ లేదు. అత్తకు ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు నడుస్తున్నాయి, సాయంత్రం దాకా ఉపవాసం. "నాకేమయింది, గుండ్రాయి మాదిరి ఉండా. ఈస్టరు కానీ, అప్పుడు చూద్దాం" అంది. ఏటా ఆ రోజుల్లో మా వంటిల్లు ఒక తమాషా. పున్నమి పడితే నేను పన్నెండు లోపల తినేయాలి, ఆమె పొద్దు గూకేదాకా తినకూడదు. పొయ్యి రెండుసార్లు వెలిగేది. నేను ఆమెను బలవంతపెట్టి ఉండాల్సింది. నా ఉపవాసానికి ఆమె ఎన్నడూ అడ్డు చెప్పలేదు, ఆమెదానికి నేనెలా చెబుతానని ఊరుకున్నాను. మళ్ళీ ఊరుకున్నాను.

నా మంచం వరండాలోకి మారింది. ఊళ్ళో తెలిసిపోయింది. కుట్టమని ఇచ్చిన గుడ్డలు కొందరు వెనక్కి తీసుకుపోయారు. పల్లెత్తు మాట అనలేదు, "తొందరేం లేదులే, రెస్టు తీసుకో" అంటూ తీసుకుపోయారు. చర్చి ఆడవాళ్ళు నలుగురు వచ్చి గేటు బయట నిలబడి ప్రార్థన చేశారు. సోదరి రత్నకుమారి అని నా పూర్తి పేరు పెట్టి చేశారు. పదకొండేళ్ళుగా నేను ఆ చర్చి గుమ్మం తొక్కలేదు. వాళ్ళలో ఒకామె ఆ తర్వాత రెండు నెలలపాటు వారానికోసారి గేటుకు కోడిగుడ్ల సంచి తగిలించి పోయేది. పిలిస్తే ఆగేది కాదు.

చైత్రం

ఈస్టరు కూడా పున్నమి దాటాకే వస్తుంది. ఆ ఆదివారం అత్త తెల్లచీర కట్టుకుని చర్చికి పోయి, పాటలో గొంతెత్తబోయి దగ్గింది. ఇంటికొచ్చి దగ్గింది. సాయంత్రం దగ్గింది. నేను వరండాలో కూర్చుని ఒక్కొక్క దగ్గూ విన్నాను.

ఆ మంగళవారం పరీక్షకిచ్చాం. గురువారం ఫలితం. ఈ మధ్యలో రెండు రోజులు నేను కూర్చోలేకపోయాను. కళ్ళు మూసుకుంటే ఊపిరి కనబడలేదు, తుండు కనబడింది. నా ఒళ్ళు ఏమైపోతున్నా మూడు నెలలు నిబ్బరంగా చూసినదాన్ని, ఇంకొకరి దగ్గు దగ్గర రెండు గంటలు నిలబడలేకపోయాను. నా నిబ్బరం ఎంతదో అప్పుడు తెలిసింది.

రేకుల పందిరి కింద అదే బల్ల. అత్త పేరు పిలిచారు. నర్సమ్మ మొహం చూసి నాకు ముందే అర్థమైంది. అత్తకు అరవై ఎనిమిదేళ్ళు, పదేళ్ళుగా షుగరు. "మందులు పడితే పరవాలేదమ్మా. పడాలి" అంది నర్సమ్మ. ఆ "పడాలి" నా చెవుల్లో ఉండిపోయింది.

వైశాఖం

పడలేదు. మూడో వారానికి వాంతులు, కళ్ళు పచ్చబడ్డాయి. మందులకు కాలేయం తట్టుకోలేదన్నారు. అన్నీ ఆపి నెల్లూరు పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. మందులు వేస్తే కాలేయం, వేయకపోతే ఊపిరితిత్తులు. డాక్టరు ఇది చెప్పినప్పుడు దాసు గోడవైపు తిరిగాడు. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. ఒక్కసారి మాత్రం, టీ గ్లాసు చేతికిస్తూ, "చెప్పుంటే అయిపోయేది గదా రత్నా" అన్నాడు. అంతే. అరిచి ఉంటే బాగుండేది.

వైశాఖ పున్నమి ఆ వార్డులోనే వచ్చింది. మాకు ఏడాదిలో అన్నిటికంటే పెద్ద రోజు. మా బృందం మాస్టారి ఇంట్లో దీపాలు పెట్టి, పాయసం పంచుతుంది. నేను అత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. మౌనం పట్టలేదు. మధ్యాహ్నం ఆమె కళ్ళు తెరిచి, "ప్రార్థన చెయ్యమ్మే" అంది.

"నాకు మీ ప్రార్థన రాదత్తా."

"నీకొచ్చిందే చెయ్యి."

నాకొచ్చింది మైత్రీభావన. ఎదుటి మనిషి మేలు కోరుకుంటూ కూర్చోవడం. ఎప్పుడూ మనసులోనే చేసేదాన్ని. ఆ రోజు పైకి చెప్పాను. "మా అత్త బాగుండాలి. మా అత్తకు నొప్పి తగ్గాలి. మా అత్తకు భయం లేకుండా ఉండాలి." మూడుసార్లు చెప్పాను.

"ఆమెన్" అంది అత్త. "మీ దాంట్లో అడిగేదానికి ఎవురూ లేరా?" అంది.

"లేరత్తా."

"మరి ఎవుర్ని అడుగుతుండావు?"

"అడగట్లా. అనుకుంటుండా."

"సరే, నువ్వు అనుకో. నేను అడుగుతాలే."

అప్పుడు చెప్పాను. "అత్తా, ఆ పొద్దు నేను చెయ్యి ఊపింది అబద్ధం. నోటితో ఆడలేదు గానీ అబద్ధమే. నీకీ గతి నా వల్లే." ఏడుస్తూ చెప్పాను. ఈ మొత్తం జబ్బులో నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఆమె పైన తిరిగే ఫ్యానును చూసింది. "ఆ తుండు తీగ మీంచి తీసి మడత పెట్టింది నేనేనమ్మే" అంది. "మరక పూర్తిగా పోలా. రక్తమని తెలస్తానే ఉండాది. అడగలా."

"ఎందుకడగలా?"

"నీకు మూడోసారి అయినప్పుడు అనుకున్నా, ఈ పిల్లని రక్తం గురించి ఇంక ఎప్పుడూ అడగకూడదని. అది అట్టానే పట్టుకొనుండా."

ఇన్నేళ్ళుగా ఆమె నాకు చేసిన మేలని నేను తలుచుకునేది ఆమె అడగకపోవడాన్నే. ఆ తుండును మడత పెట్టింది కూడా అదే. ఇద్దరం ఒకరి మీద ఒకరికి ప్రేమతోనే నోరు మూసుకున్నాం. ఆ మూరెడు దూరంలో జబ్బుకు మా ఇద్దరి మౌనమూ పనికొచ్చింది.

సాయంత్రం మాస్టారు కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చారు. అత్తకు మాట్లాడే ఓపిక లేకపోయినా ఆయన్ని వదల్లేదు. "ఏం మాస్టారూ, దగ్గొస్తే దగ్గొద్దని నేర్పినారంట మా కోడలికి?" అంది. ఆయన సమర్థించుకోలేదు. తల వంచుకుని విన్నారు. వెళ్ళేటప్పుడు వరండాలో నాతో అన్నారు. "చూడమన్నానమ్మా. దాచమనలేదు. కానీ ఈ రెండిటికీ తేడా ఏందో నేను చెప్పుండాల్సింది. నువ్వు కదలకుండా కూర్చుంటే మెచ్చుకున్నా గదా, అది నా తప్పే."

జ్యేష్ఠం నుంచి కార్తీకం దాకా

ఈ నెలల గురించి చెప్పడానికి తక్కువే ఉంది. కామెర్లు తగ్గాక మందులు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్కో మందు వేసినప్పుడల్లా ఆమె కళ్ళు వెలుతురులోకి తిప్పి చూసేదాన్ని. ఈసారి పడ్డాయి. ఇంటికొచ్చాం. పొద్దున్నే ఇద్దరం పక్కపక్కన కూర్చుని మాత్రలు మింగేవాళ్ళం. ఆమె స్తోత్రం చెప్పి మింగేది, నేను ఊపిరి చూసి మింగేదాన్ని. ఎవరు ముందు మింగితే వాళ్ళు రెండోవాళ్ళకు నీళ్ళివ్వాలి. భాద్రపదంలో నావి అయిపోయాయి. తర్వాత కూడా ఆమెకు తోడుగా ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని.

అత్త మునుపటి మనిషి కాలేదు. చర్చి దాకా నడిచే ఓపిక లేదు, దాసు బండి మీద దించి వస్తాడు. పాటలో గొంతు కలపదు, చప్పట్లు కొడుతుంది. ఇది నా పనే. దీన్ని కళ్ళు మూసుకుని చూసి పోగొట్టుకోవాలని నేను అనుకోవడం లేదు.

మా బృందంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. పున్నమి రోజు మౌనం పట్టేముందు ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళకు తమ ఒంట్లో ఎక్కడ ఏముందో చెప్పాలి. మోకాలి నొప్పి, మలబద్ధకం, ఏదైనా. మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

కార్తీక పున్నమికి నాలుగు రోజుల ముందు అత్త ఆఖరి మాత్ర మింగింది. ఆ పున్నమికి తెల్లచీర కట్టుకుని, ఫాల్గుణం తర్వాత మొదటిసారి ఇంట్లో మౌనం పట్టాను. పదకొండుకు అన్నం తిన్నాను. ఒంటిగంటప్పుడు కూర్చుని ఉండగా ఎడమ డొక్కలో కలుక్కుమంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మళ్ళీ పొడిచింది. చూడటం నాకు అలవాటే. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు చూశాను. లేచాను.

అత్త పెరట్లో పీట మీద కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతోంది. దగ్గరికి పోయి, "అత్తా, ఎడంపక్క డొక్కలో నొప్పిగా ఉండాది" అన్నాను.

ఆమె చేతిలోని చేప చేటలో పడేసింది. "ఈ పొద్దు నువ్వు మాట్లాడకూడదు గదమ్మే?"

ఆమె చెయ్యి చీరకు తుడుచుకుని, లేవలేక కూర్చున్నచోటి నుంచే నా నడుం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చేపల వాసన వేళ్ళతో నొక్కింది. "ఈడా?"

"ఇంకొంచెం కింద."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే అత్తా. రెండు ఊపిర్లయింది."

అత్త నా డొక్క మీది చెయ్యి తీయకుండా కళ్ళు మూసుకుని, "దేవునికి స్తోత్రం" అంది.